సైనిక పింఛను అర్హత – నియమాల భాష: అనంతపురం కరువు నేల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

సైనికుడు గాయపడినప్పుడు గాని, మరణించినప్పుడు గాని అతనికో, అతని కుటుంబానికో నెలనెలా పింఛను వస్తుందా లేదా అన్నది గాయం లోతును బట్టి, మరణం జరిగిన తీరును బట్టి మాత్రమే నిర్ణయం కాదు. అతడు ఏ పద్ధతిలో సైన్యంలో చేరాడు, వైద్యమండలి తన నివేదికలో ఏ మాట రాసింది, రికార్డుల్లో కుటుంబసభ్యుల పేర్లు ఎలా నమోదయ్యాయి అన్నవి కూడా అంతే నిర్ణాయకాలు. ఈ మూడింటినీ వానలు నమ్మదగని అనంతపురం ప్రాంతపు జీవన పరిస్థితుల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పింఛను, వైకల్యం, కుటుంబ పింఛను, అగ్నివీరుడు, అనంతపురం, కరువు, నియమాల భాష.

1. పింఛను అనే మాట

అనంతపురం పల్లెల్లో ‘పింఛను’ అనగానే ఒకటో తారీఖు గుర్తుకు వస్తుంది. వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు రాష్ట్రప్రభుత్వం ఇంటివద్ద అందజేసే సామాజిక భద్రతా పింఛనే ఆ మాటకు నేటి ప్రధానార్థం. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయునికి వచ్చేదీ పింఛనే. సైన్యం నుండి తిరిగివచ్చిన వానికి వచ్చేది మాత్రం ‘మిలిట్రీ పింఛను’. ఇంగ్లీషు ‘పెన్షన్’ తెలుగు గొంతులో పడి ‘పింఛను’ అయింది. నెమలి పింఛానికి దీనికి ఏ సంబంధమూ లేకపోయినా ఆ వర్ణక్రమం ఈ ఆదానపదానికి ఒక తత్సమ గౌరవాన్ని తెచ్చిపెట్టింది.

ఒకే మాట మూడింటికీ చెల్లడం వల్ల ఒక అర్థభేదం మరుగున పడుతోంది. సామాజిక పింఛను అవసరాన్ని బట్టి ప్రభుత్వం చేసే సహాయం. సేవా పింఛను అలాంటిది కాదు. నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, పింఛను యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదని, గతంలో చేసిన సేవకు ప్రతిఫలంగా దక్కే హక్కు అని నిర్ధారించింది. పింఛనుదారులు ఆ తేదీని నేటికీ తమ దినోత్సవంగా జరుపుకొంటారు. సైనిక పింఛను గురించిన వివాదాలన్నింటి వెనుక ఉన్న ప్రశ్న ఇదే: అది హక్కు అయితే, ఆ హక్కు ఏ క్షణాన, ఏ షరతు నెరవేరితే పుడుతుంది?

2. పదిహేనేళ్ల గీత

సాధారణ సేవా పింఛనుకు జవాను స్థాయి సైనికుడు కనీసం 15 ఏళ్లు, కమిషన్డ్ అధికారి 20 ఏళ్లు సేవ చేసి ఉండాలి. పద్దెనిమిది, ఇరవై ఏళ్లకు చేరిన యువకుడు ముప్పై అయిదు దాటేసరికి ఆ గీతను దాటుతాడు. పిల్లలు బడి ఈడులో ఉండగానే ఇంటికి తిరిగివస్తాడు. ఆ తరువాతి నలభై ఏళ్ల బతుకుకు ఆధారం ఆ నెలవారీ మొత్తమే.

ఈ ఆధారం విలువ గోదావరి డెల్టాలో ఒక విధంగా, అనంతపురంలో మరొక విధంగా ఉంటుంది. ఇక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా ఏటా వచ్చేది కాదు, వచ్చినా అదనుకు వచ్చేది కాదు. వేరుశనగ వేసిన రైతు ఊడ దిగే వేళ వాన కోసం ఆకాశం వైపు చూస్తాడు. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియదు, పడినా ఎన్నాళ్లుంటాయో తెలియదు. బెంగళూరుకు, కేరళకు, ముంబైకి వలసపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇటువంటి చోట ఒక కుటుంబానికి ప్రతినెలా తప్పకుండా వచ్చే సొమ్ము అంటే, ఏటి నీరు పారే ఒక మడి ఉన్నట్టు లెక్క. ఒకేసారి చేతికి వచ్చే పెద్దమొత్తం స్వభావం వేరు. పాత అప్పు తీరుస్తుంది, ఒక పెళ్లి చేస్తుంది, రెండు బోర్లు వేయిస్తుంది. బోర్లు ఎండితే ఆ మొత్తమూ భూమిలోకే పోతుంది. నెలవారీ ఆదాయానికి, ఏకమొత్తానికి మధ్య గల ఈ తేడాను గణాంకశాస్త్రం ఒకే సంఖ్యకు కుదించగలదు గాని కరువు నేల మీది కుటుంబం కుదించలేదు. వ్యాసం చివరిభాగానికి ఈ తేడాయే కీలకం.

పదిహేనేళ్లు నిండకముందే అనారోగ్యంతో ఇంటికి పంపబడిన వాని సంగతి ఏమిటి? పదేళ్ల సేవ ఉంటే ఇన్‌వాలిడ్ పింఛను, లేకుంటే గ్రాట్యుటీ మాత్రమే అన్నది చాలాకాలం ఉన్న నియమం. 2019 జనవరి 4 నాటికి సేవలో ఉన్నవారికి, ఆ తరువాతి వారికి ఈ పదేళ్ల షరతును సడలిస్తూ రక్షణశాఖ 2020 జులైలో నిర్ణయం ప్రకటించింది. అయితే ఆ సైనికుడు పౌర ఉద్యోగానికి కూడా శాశ్వతంగా పనికిరానివాడై ఉండాలి.

3. రెండు మాటల మీద నిలిచిన వైకల్య పింఛను

వైకల్య పింఛనుకు సేవాకాలంతో పనిలేదు. రెండు షరతులు నెరవేరాలి. వైకల్యం 20 శాతం లేదా అంతకుమించి ఉండాలి. అది సైనికసేవకు ‘అట్రిబ్యూటబుల్’ అయినా కావాలి, సేవవల్ల ‘అగ్రవేటెడ్’ అయినా కావాలి. మొదటి షరతు అంకె, రెండవది భాష. న్యాయస్థానాలకు ఎక్కిన వివాదాల్లో అధికభాగం ఈ రెండవదాని చుట్టూనే తిరిగాయి.

ఈ రెండు మాటలకు తెలుగులో స్థిరపడిన పారిభాషిక పదాలు లేవు. మొదటిదాన్ని ‘సేవాజన్యం’ అనవచ్చు. కాని ‘జన్యం’లో కారణ–కార్య సంబంధం మరీ బిగువుగా ఉంది. సేవే ఏకైక కారణమని రుజువు కానక్కరలేదు, సేవకు ఆపాదించదగినదైతే చాలు. ‘సేవాపాదితం’ అనడం అర్థానికి దగ్గర. రెండవదానికి ‘సేవావర్ధితం’ సరిపోతుంది: వ్యాధిబీజం శరీరంలో ముందే ఉండవచ్చు, మంచుకొండల్లోనో ఎడారిలోనో చేసిన కొలువు దాన్ని ముదిరేలా చేసింది. పేరు పెట్టడం ఇక్కడ పాండిత్య వినోదం కాదు. వైద్యమండలి తీర్మానాన్ని ఇంగ్లీషులో చదివి, ‘రెండూ కాదు’ అన్న చిన్న వాక్యం కింద సంతకం చేసి ఇంటికి వచ్చిన జవానుకు, తాను ఏ హక్కును కోల్పోయాడో తన భాషలో చెప్పే మాట లేకపోవడం చిన్న లోటేమీ కాదు.

ఆ చిన్న వాక్యం బలం ఎంతో ధరమ్‌వీర్ సింగ్ కేసు తెలుపుతుంది. ఆయన 1985 జూన్‌లో సిగ్నల్స్ దళంలో చేరారు. దాదాపు తొమ్మిదేళ్ల సేవ తరువాత మూర్ఛవ్యాధి కారణంగా 1994 ఏప్రిల్‌లో సేవ నుండి తొలగించబడ్డారు. వైకల్యం 20 శాతమని వైద్యమండలి అంగీకరించింది. కాని వ్యాధి శరీరతత్త్వానికి సంబంధించినది, సేవకు ఆపాదించదగినది కాదు, సేవవల్ల పెరిగినదీ కాదు అని రాసింది. పింఛను ఆగింది. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఈ తర్కాన్ని తలకిందులు చేసింది. సైన్యంలో చేరేనాడు జరిపిన వైద్యపరీక్షలో ఆ వ్యాధి ఉన్నట్లు నమోదు కాకపోతే, ఆనాడు అతడు ఆరోగ్యవంతుడేనని భావించాలి. తరువాత వచ్చిన వ్యాధి సేవవల్ల వచ్చిందనే భావించాలి. కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదే, సైనికునిది కాదు. వ్యాధిని చేరిక సమయంలో గుర్తించడం సాధ్యం కాదని వైద్యమండలి భావిస్తే అందుకు కారణాలు రాయాలి.

అంటే ఆరోగ్యం క్షీణించిననాటి నివేదిక కంటే, చేరినప్పటి కాగితంలో రాయకుండా విడిచిన ఖాళీకే ఎక్కువ సాక్ష్యబలం వచ్చింది. పాఠంలో లేనిదాన్ని బట్టి పాఠార్థాన్ని నిర్ణయించడం పాఠపరిష్కర్తలకు తెలిసిన పద్ధతే. న్యాయస్థానం చేసినదీ అటువంటిదే.

శాతం విషయంలోనూ ఒక భాష్యం నడిచింది. వైకల్యాన్ని 27 శాతమని, 33 శాతమని సూక్ష్మంగా కొలవడంలోని అనిశ్చితిని తగ్గించడానికి మూడు మెట్లు ఏర్పరిచారు. 50 కంటే తక్కువైతే 50గా, 50 నుండి 75 వరకు 75గా, 76 నుండి 100 వరకు 100గా లెక్కిస్తారు. ఇది సేవ మధ్యలో తొలగించబడిన వారికే చెల్లుతుందన్న ప్రభుత్వ వాదాన్ని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబరు 10న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సేవాకాలం పూర్తి చేసుకొని వైకల్యంతో విరమించిన వారికీ అది వర్తించింది. వైకల్యం నూరు శాతమైతే వైకల్య భాగం వేతనంలో 30 శాతం, తక్కువైతే ఆ నిష్పత్తిలో. సేవా భాగం దీనికి అదనం. 2023 సెప్టెంబరు నుండి అమలులోకి వచ్చిన కొత్త నియమాలు ‘డిసెబిలిటీ’ స్థానంలో కొన్ని సందర్భాలకు ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అనే పేరును ప్రవేశపెట్టాయి. పేరు మార్పుతో పాటు అర్హత గీతలూ కదులుతాయి కనుక ఈ కొత్త పదజాలం పరిశోధకుల దృష్టికి రావలసి ఉంది.

4. మరణానికి అయిదు అక్షరాలు

సేవలో సంభవించిన మరణాన్ని నియమాలు ‘ఎ’ నుండి ‘ఇ’ వరకు అయిదు వర్గాలుగా విభజిస్తాయి. ‘ఎ’ సేవతో సంబంధం లేని సహజ కారణాలవల్ల జరిగినది. ‘బి’ సేవకు ఆపాదించదగిన వ్యాధివల్ల, ‘సి’ విధినిర్వహణలో ప్రమాదంవల్ల జరిగినవి. ‘డి’ తీవ్రవాదుల హింస వంటి సందర్భాలకు, ‘ఇ’ శత్రుచర్యకు, యుద్ధానికి సంబంధించినవి. మొదటిదానికి సాధారణ కుటుంబ పింఛను: చివరి వేతనంలో 30 శాతం, తొలి పదేళ్లు 50 శాతం. ‘బి’, ‘సి’లకు ప్రత్యేక కుటుంబ పింఛను: 60 శాతం. ‘డి’, ‘ఇ’లకు ఉదార కుటుంబ పింఛను: చివరి వేతనంతో సమానం. ఒక అక్షరం మారితే కుటుంబపు నెలసరి ఆదాయం రెండింతలో, మూడింతలో మారుతుంది.

మరణించిన సైనికుడు అవివాహితుడైతే తల్లిదండ్రుల మాటేమిటి? 2001 జనవరి 31 నాటి ఉత్తర్వు ప్రకారం, యుద్ధచర్యలో మరణించిన అవివాహిత సైనికుని తల్లిదండ్రులిద్దరూ జీవించి ఉంటే ఉదార కుటుంబ పింఛనులో 75 శాతం, ఒక్కరే ఉంటే 60 శాతం లభిస్తుంది. వారి ఆర్థికస్థితితో నిమిత్తం లేదు.

వితంతువు పునర్వివాహం దగ్గర నియమాల భాష ఎవరి సమాజాన్ని మనసులో పెట్టుకొని రూపొందిందో బయటపడుతుంది. భర్త సోదరుని వివాహమాడితే ఒక విధంగా, ఇతరుని వివాహమాడితే మరొక విధంగా వితంతువు హక్కును నిర్ణయించే నిబంధనలు చాలాకాలం ఉన్నాయి. శౌర్యపతకాలతో వచ్చే నగదు భృతి విషయంలో, మరణించిన భర్త సోదరుని పెళ్లాడిన వితంతువుకు మాత్రమే పునర్వివాహానంతరం భృతి కొనసాగుతుందన్న షరతు 1995 నుండి ఉంది. రక్షణశాఖ దాన్ని 2017 నవంబరులో గాని తొలగించలేదు. పంజాబ్, హర్యానా ప్రాంతాల్లోని ‘కరేవా’ ఆచారం తెలిసినవారికి ఈ షరతు మూలం తెలుస్తుంది. భూమి, పింఛను ఇంటిలోనే ఉండడానికి వదినను మరిదికి ఇచ్చి చేసే సంప్రదాయమది. తెలుగునాట చాలా కులాల్లో వదిన తల్లి తరువాత తల్లి. మరిదితో పెళ్లి అన్న ఊహే నోట పలకరానిది. మేనరికం చుట్టూ అల్లుకొన్న బంధుత్వ వ్యవస్థలో పుట్టిన స్త్రీకి ఈ నిబంధన ఒక హక్కును ఇచ్చినట్లే ఇచ్చి, ఆమె సంస్కృతిలో దాన్ని వినియోగించుకొనే దారిని మూసివేసింది. దేశమంతటికీ ఒకటే అని చెప్పే నియమం ఎవరో కొందరి బంధువరుసల మీద నిలబడి ఉండవచ్చునని దీన్నిబట్టి గ్రహించాలి.

5. ఇంటిపేరు చిక్కు

అర్హత ఉండడం వేరు, కాగితం మీద ఉండడం వేరు. సైనికుని వివాహం, సంతానం ‘పార్ట్–2 ఆర్డర్’ల ద్వారా అతని రికార్డులోకి ఎక్కుతాయి. పింఛను చెల్లింపు ఉత్తర్వులో భార్య పేరు, పుట్టినతేదీ ఉంటాయి. నేడు ఈ వివరాలు ‘స్పర్శ్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఆధార్‌తోను, బ్యాంకు ఖాతాతోను సరిపోలాలి.

తెలుగు పేర్ల స్వభావం ఈ సరిపోలికకు అడ్డుపడుతుంది. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తినామం వెనుక. ఫారాలు కోరేది దీనికి విరుద్ధమైన క్రమం. ఒకచోట ఇంటిపేరు పొడి అక్షరం, మరొకచోట పూర్తి మాట. దీర్ఘాలకు, ఒత్తులకు ఇంగ్లీషులో ఎవరి లిపి వారిది. ‘లక్ష్మమ్మ’, ‘లక్ష్మీదేవి’ ఒకే మనిషి పేర్లని ఊరికి తెలుసు, కంప్యూటరుకు తెలియదు. పెళ్లయిన కొత్తలో గుమాస్తాకు చెప్పిన పేరు రికార్డులో, రేషను కార్డులో మరొకటి. భర్త బతికి ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. అతడు పోయిన నెలలోనే అది బయటపడుతుంది.

తండాల్లో ఇంకొక మెలిక ఉంది. బంజారాల్లో ‘నాయక్’ అన్నది తండా పెద్దకు చెల్లిన బిరుదు. అదే కాలక్రమాన పురుషనామాల చివర స్థిరపడింది. స్త్రీల పేర్ల చివర ‘బాయి’ నిలిచింది. తండ్రి, తల్లి, కొడుకు పేర్లలో ఉమ్మడిగా కనబడే ఇంటిపేరు ఏదని అడిగే ఫారానికి వీరి సమాధానం అంత సులభంగా అమరదు. పైగా సైన్యంలో ‘నాయక్’ ఒక హోదా. పేరులోని బిరుదు, సైన్యంలోని హోదా ఒకే మాట కావడం భాషాశాస్త్రవేత్తకు ముచ్చట గొలపవచ్చు గాని దరఖాస్తు నింపేవానికి కాదు. ఇటువంటి సవరణల కోసం కుటుంబం మొదట తట్టవలసిన తలుపు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. అక్కడి నుండి వ్యవహారం సంబంధిత దళపు రికార్డు కార్యాలయానికి, అటుపై ప్రయాగ్‌రాజ్‌లోని పింఛను కార్యాలయానికి వెళుతుంది.

6. కల్లితండా

పై నియమాలన్నీ ఒక ఊహను ఆధారం చేసుకొని ఉన్నాయి: సైన్యంలో చేరినవాడు దీర్ఘకాల సేవకుడు అని. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఆ ఊహను మార్చింది. అగ్నివీరుని సేవ నాలుగేళ్లు. ప్రతి జట్టులో గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే శాశ్వత సేవలోకి తీసుకొంటారు. వేతనంలో 30 శాతం, ప్రభుత్వం జమచేసే అంతే మొత్తం, వడ్డీ కలిపి నాలుగేళ్ల చివర సుమారు రూ. 11.71 లక్షల సేవానిధి వస్తుంది. పింఛను, గ్రాట్యుటీ ఉండవు. మాజీ సైనికుని హోదా కూడా లేదు. సేవలో మరణిస్తే రూ. 48 లక్షల బీమా ఉంటుంది. మరణం సేవకు ఆపాదించదగినదైతే అదనంగా రూ. 44 లక్షల పరిహారం, మిగిలిన కాలపు వేతనం. వైకల్యం సంభవిస్తే 100, 75, 50 శాతం మెట్లను బట్టి రూ. 44, 25, 15 లక్షలు, అవీ ఒకేసారి. పాత నియమాల్లోని ‘సేవాపాదితం’ అన్న మాట, మూడు మెట్ల లెక్క ఇక్కడా ఉన్నాయి. ‘నెలనెలా’ అన్నది మాత్రం లేదు.

అప్పటి అనంతపురం జిల్లాలోనిది, 2022 ఏప్రిల్ నుండి శ్రీసత్యసాయి జిల్లాకు చెందినది గోరంట్ల మండలం. అందులోని కల్లితండాకు చెందిన అగ్నివీరుడు మురళీనాయక్ 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ సాగుతున్న రోజుల్లో, జమ్మూకశ్మీర్‌లోని నియంత్రణ రేఖ వద్ద పాకిస్తాన్ కాల్పుల్లో మరణించారు. తల్లిదండ్రులకు ఒక్కగానొక్క కుమారుడు, అవివాహితుడు. తండా విడిచి ముంబైలో ఉపాధి వెదుక్కొన్న కుటుంబం వారిది. అంత్యక్రియలు సైనిక లాంఛనాలతో స్వగ్రామంలో జరిగాయి. రాష్ట్రప్రభుత్వం రూ. 50 లక్షలు, అయిదెకరాల భూమి, 300 గజాల ఇంటిస్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది.

ఈ సహాయాలు చిన్నవి కావు. అన్నీ కలిపితే కోటి రూపాయలు దాటుతాయి. అగ్నిపథ్‌ను సమర్థించేవారు చూపేదీ ఈ మొత్తాన్నే. అయితే పోల్చవలసింది మొత్తాన్ని కాదు. సాధారణ పద్ధతిలో చేరి, అదే మోర్చాలో, అదే కాల్పుల్లో మరణించిన జవాను కుటుంబానికీ బీమా, పరిహారం ఉంటాయి. ఆ జవాను అవివాహితుడైతే తల్లిదండ్రులకు పైన చెప్పిన 75 శాతం, ఒకరు పోయాక మిగిలినవారికి 60 శాతం, జీవితాంతం అందుతుంది. కరువు భత్యం దీనికి తోడు. ఇద్దరి మరణానికీ కారణమైన గుండు ఒక్కటే. ‘ఇ’ వర్గపు నిర్వచనానికి ఇద్దరి మరణమూ సరిపోతుంది. తేడా అంతా చేరిననాడు సంతకం చేసిన పత్రంలో ఉంది.

ఆ పత్రమే ప్రభుత్వ పక్షపు ప్రధాన వాదానికి ఆధారం: అగ్నివీరులు వేరొక వర్గం, షరతులు తెలిసే చేరారు. స్వల్పకాల సేవకు దీర్ఘకాల పింఛను ఎందుకన్న వాదనలో ఒక తర్కం ఉంది, సేవా పింఛను వరకు అది నిలుస్తుంది కూడా. సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అగ్నిపథ్ పథకాన్ని సవాలు చేసిన అప్పీళ్లను తిరస్కరించింది. కాని ఉదార కుటుంబ పింఛను ఏనాడూ సేవాకాలానికి ప్రతిఫలం కాదు. చేరిన మొదటి ఏడాదిలోనే యుద్ధంలో పోయిన జవాను కుటుంబానికి అది పూర్తిగా వర్తిస్తుంది. అది మరణం తీరును బట్టి పుట్టే హక్కు. సేవాకాలం తక్కువన్న కారణాన్ని ఆ హక్కుకు ముడిపెట్టడంలో రెండు వేర్వేరు పింఛన్ల తర్కాలు కలగలిసిపోయాయి. మొదటి భాగంలో చెప్పిన, ‘పింఛను’ అనే ఒకే మాట కింద మరుగున పడిన భేదం ఇక్కడ ఒక కుటుంబపు ఆదాయాన్ని నిర్ణయిస్తోంది.

అయిదెకరాల భూమి గురించి ఒక మాట. ఈ ప్రాంతంలో భూమి విలువ దాని కింద నీరు ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. కొడుకు పంపే జీతంతో నడిచిన ఇంటికి ఆ జీతం స్థానంలో వచ్చినవి భూమి, ఏకమొత్తం. ఈ రెండింటినీ నెలసరి ఆదాయంగా మార్చుకొనే పని, దానిలోని నష్టభయం, వయసు పైబడే తల్లిదండ్రుల మీద పడ్డాయి.

2025లోనే ఆ తల్లి బొంబాయి హైకోర్టును ఆశ్రయించారు. మరణానంతర ప్రయోజనాల్లో సాధారణ సైనికుల కుటుంబాలతో సమానంగా తమకు కుటుంబ పింఛను తదితరాలు ఇవ్వాలన్నది ఆమె అర్జీ. పథకం మొత్తాన్ని ప్రశ్నించిన పాత వ్యాజ్యాల కంటే ఈ అర్జీ పరిధి చిన్నది. ఒకే విధినిర్వహణలో, ఒకే ప్రమాదాన్ని ఎదుర్కొని మరణించిన ఇద్దరి కుటుంబాలను చేరిక పద్ధతిని బట్టి విడదీయడం రాజ్యాంగపు 14వ అధికరణానికి సమ్మతమేనా అన్నదే ఇందులోని ప్రశ్న. 2022 చివర, 2023 మొదట్లో చేరిన తొలి జట్లకు నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. సరిహద్దుల్లో కొలువు చేస్తున్న అగ్నివీరులెవరికైనా ఈలోగా ప్రాణహాని జరిగితే, కల్లితండా ఇంటికి వర్తించిన లెక్కే వారి ఇళ్లకూ వర్తిస్తుంది.